పిల్లలు ఎదుటివారి కదలికలను ఎంత కచ్చితంగా అనుకరిస్తున్నారో కొలవడం ఎలా?

ఐదేళ్ల పాపకు ఎదురుగా కూర్చొని, మీ కుడి చేతిని ఛాతీ మీదుగా అడ్డంగా తెచ్చి ఎడమ చెవిని పట్టుకున్నారనుకోండి. పాప తదేకంగా చూస్తుంది. ఆమె ఎడమ చెయ్యి ఒళ్లోంచి కొద్దిగా లేచి ఆగిపోతుంది. అంతలోనే కుడి చెయ్యి వెళ్లి కుడి చెవిని పట్టుకుంటుంది. అద్దంలో చూసినట్టు లెక్కిస్తే చెవి సరైనదే, ఎందుకంటే మీ ఎడమ చెవి పాపకు తన కుడి వైపునే కనిపిస్తోంది. చెయ్యి మాత్రం మారింది, అడ్డంగా రావలసిన దారి అసలు లేదు. ఈ ప్రయత్నానికి మీరు ఎన్ని మార్కులు వేస్తారు?

వెంటనే జవాబు తోచకపోవడమే మంచిది. కెమెరాలు, సాఫ్ట్‌వేర్ సమకూర్చుకొని పని మొదలుపెట్టినవారిలో చాలామంది ఈ ప్రశ్న దగ్గరికి ఆలస్యంగా వచ్చి చిక్కుకుపోతారు. నేనూ అలా చిక్కుకున్నవాడినే. ఈ వ్యాసం అనుకరణను కొలిచే పనిని మొదటి నుంచి చివరి వరకు వరుసగా చెబుతుంది. చేసి చూపే కదలికను ఇందులో ‘ఒరవడి’ అని పిలుస్తాను; అక్షరాలు దిద్దించేటప్పుడు ముందుగా రాసి ఇచ్చే ఒరవడి లాంటిదే ఇదీ.

దేనిని కొలుస్తున్నారో ముందు రాసుకోండి

ఒక కదలికలో కనీసం మూడు విషయాలు కలిసి ఉంటాయి. చెయ్యి ఎక్కడికి చేరింది అనేది ఫలితం. ఏ చేతితో, ఏ దారిన, ఏ భంగిమలో చేరింది అనేది తీరు. ఎప్పుడు మొదలై ఎంత వేగంతో ముగిసింది అనేది కాలం. పిల్లలు ఈ మూడింటినీ ఒకే శ్రద్ధతో అనుకరించరు. చెవిని పట్టుకునే ప్రయోగాన్ని బెకరింగ్, వోల్‌ష్లేగర్, గాటిస్ అనే పరిశోధకులు 2000లో ప్రచురించారు. పిల్లలు సరైన చెవినే తాకుతూ, దానికి దగ్గరగా ఉన్న చేతిని వాడడం వారు తరచుగా గమనించారు. విశేషం ఏమిటంటే, ప్రయోగం మొత్తంలో ఒకే చెవిని తాకి చూపినప్పుడు ఆ పొరపాట్లు చాలావరకు మాయమయ్యాయి. ఏ చెవి అన్న ప్రశ్న లేనప్పుడు పిల్లల దృష్టి చెయ్యి మీదికి వెళ్లిందన్నమాట. కాబట్టి అడ్డంగా చెయ్యి చాపలేకపోవడం వల్ల వచ్చిన తప్పు కాదది. ఎదుటివారి పనిలో ముఖ్యమైనది ఏది అన్న విషయంలో పిల్లలు చేసుకున్న ఎంపిక.

ఇలాంటి ఎంపిక మరీ చిన్నవయసులోనే కనిపిస్తుంది. గెర్గెలీ, బెకరింగ్, కిరాయ్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో ఒక పెద్దావిడ బల్ల మీది దీపాన్ని నుదుటితో తాకి వెలిగించింది. ఆమె చేతులు ఖాళీగా ఉండగా చూసిన 14 నెలల పిల్లల్లో 69 శాతం మంది తామూ తలతోనే వెలిగించారు. ఆమె దుప్పటి కప్పుకొని రెండు చేతులతో దాన్ని పట్టుకొని ఉండగా చూసినవారిలో 21 శాతం మంది మాత్రమే అలా చేశారు. మిగిలినవారు చేత్తో వెలిగించారు. చేతులు తీరిక లేకే ఆమె తలను వాడిందని పిల్లలు అర్థం చేసుకున్నారని పరిశోధకుల వ్యాఖ్యానం. ఆ వ్యాఖ్యానం మీద తర్వాత వాదోపవాదాలు చాలా జరిగాయి. కొలిచేవారికి పనికొచ్చే సంగతి మాత్రం స్పష్టం: తలతో తాకని బిడ్డకు ‘కచ్చితత్వం సున్నా’ అని రాస్తే, తన బుద్ధితో దీపం వెలిగించిన బిడ్డకూ, అసలు చూడని బిడ్డకూ ఒకే మార్కు పడుతుంది.

అందువల్ల పని మొదలుపెట్టే ముందే ఒక కాగితం మీద ఒక్క వాక్యం రాసుకోండి. ఉదాహరణకు, ‘చేతులు, మొండెం కదలికల తీరును చూసిన వెంటనే ఎంత దగ్గరగా చేస్తున్నారో కొలుస్తాను, వేగాన్ని విడిగా నమోదు చేస్తాను’ అని. ఇకముందు వచ్చే ప్రతి నిర్ణయాన్నీ ఈ వాక్యమే చేస్తుంది.

కదలికలను ఎంచుకోవడం

చెయ్యి ఊపి వీడ్కోలు చెప్పడం, చప్పట్లు కొట్టడం వంటి అర్థమున్న సైగలు పిల్లలకు ముందే తెలుసు. మీరు చెయ్యి ఊపడం మొదలుపెట్టగానే వారు మీ చేతిని వదిలేసి తమ జ్ఞాపకంలోని సైగను బయటికి తీస్తారు. అది అనుకరణలా కనిపిస్తుంది గాని, అందులో మీ ఒరవడి వంతు ఎంతో చెప్పలేము. కొత్తగా చూసి చేయగల శక్తిని కొలవాలంటే అర్థం లేని కదలికలు కావాలి: ఒక అరచేతిని మరో మోచేతి కింద ఉంచడం, పిడికిలిని భుజం మీద ఆనించి మోచేతిని పక్కకు ఎత్తడం వంటివి. బెర్జెస్, లెజీన్ అనే ఫ్రెంచి పరిశోధకులు 1963లో వెలువరించిన సైగల అనుకరణ పరీక్ష ఇలాంటి చేతుల భంగిమల మీదే నడుస్తుంది. స్టోన్, ఆమె సహచరులు 1997లో వివరించిన చలన అనుకరణ కొలమానంలో 16 అంశాలు ఉన్నాయి. ఒక్కొక్కదానికి 0 నుంచి 2 వరకు మార్కులు వేస్తారు. అందులో వస్తువులతో చేసేవీ, వట్టి శరీరంతో చేసేవీ, అర్థమున్నవీ, లేనివీ కలిపి కూర్చారు. వస్తువుతో చేసే పనికన్నా వట్టి శరీర కదలిక పిల్లలకు కష్టమని అందులో తేలింది. ఆటిజం ఉన్న చిన్నపిల్లల విషయంలో ఈ కష్టం మరీ ఎక్కువ. రెండు రకాలనూ ఒకే మొత్తంగా కూడితే ఈ తేడా ఆ మొత్తంలో మునిగిపోతుంది. విడివిడిగా కూడండి.

మీ జాబితాను కూర్చేటప్పుడు మరికొన్ని విషయాలు చూసుకోండి. శరీరం నడిగీతను దాటే కదలికలు, దాటని కదలికలు రెండూ ఉండాలి. చేసేవారికి తమ అవయవం కంటికి కనిపించే కదలికలు (చేతులు ముందుకు చాపడం), కనిపించనివి (తల వెనుక చేతులు కలపడం) రెండూ ఉండాలి, ఎందుకంటే రెండో రకంలో పిల్లలు తమ చేతిని చూసి సరిదిద్దుకోలేరు. ఒంటరి భంగిమలతో పాటు రెండు మూడు కదలికల వరుసలూ కావాలనిపిస్తే చేర్చండి. అయితే వరుస పొడవయ్యేకొద్దీ మీరు అనుకరణ కన్నా జ్ఞాపకశక్తినే ఎక్కువగా కొలుస్తున్నారని గుర్తుంచుకోండి. మొత్తం మీద 12 నుంచి 16 కదలికలు చాలు. అంతకు మించితే చిన్నపిల్లలు విసుగుతో చేసిన తప్పులు పట్టికలోకి వచ్చి చేరతాయి.

జాబితా తయారయ్యాక, మీరు కొలవబోయే వయసు పిల్లలు నలుగురైదుగురితో దానిని ఒకసారి నడిపి చూడండి. అందరూ తప్పు లేకుండా చేసిన కదలికా, ఎవరూ చేయలేని కదలికా పిల్లల మధ్య తేడా చూపలేవు. మొదటి రకంలో రెండింటిని ఆటలోకి దింపే ఆరంభ కదలికలుగా ఉంచుకోండి, మార్కులకు లెక్కించకండి. రెండో రకాన్ని తీసేయండి.

ఒరవడిని ఎవరు, ఎలా చూపాలి

వీడియోలో చూపితే ప్రతి బిడ్డా అదే కదలికను, అదే వేగంతో చూస్తాడు. మనిషి ఎదురుగా చూపితే పదోసారికి చెయ్యి కొద్దిగా కిందికి దిగుతుంది, అలసట ముఖంలోకి వస్తుంది. ఈ లెక్కన వీడియోయే మేలు. కానీ చిన్నపిల్లలు తెర మీద చూసినదాని నుంచి తక్కువ నేర్చుకుంటారని బార్, హేన్ 1999లో ప్రచురించిన అధ్యయనం చూపింది. అందులో 12, 15, 18 నెలల పిల్లలు టీవీలో చూసిన పనుల కన్నా ఎదురుగా చూసిన పనులనే తర్వాత ఎక్కువగా చేశారు. నా సలహా ఇది: మూడేళ్ల లోపు పిల్లలకు మనిషే చూపాలి, అయిదేళ్లు దాటినవారికి నిలువెత్తు కనిపించే పెద్ద తెర మీద వీడియో చూపవచ్చు, మధ్య వయసు వారికి మీ ప్రయోజనాన్ని బట్టి ఒకటి ఎంచుకొని, మధ్యలో మార్చకండి.

ఎదురుగా నిలబడి చూపితే కుడి ఎడమల చిక్కు తప్పదు. చిన్నపిల్లలు సహజంగా అద్దంలో లాగా చేస్తారు: మీరు కుడి చెయ్యి ఎత్తితే తమ ఎడమ చెయ్యి ఎత్తుతారు. ‘నా కుడికి నీ కుడి’ అన్న పద్ధతి స్థిరపడడానికి ఏళ్లు పడుతుంది. అందువల్ల అద్దపు పద్ధతినే సరైనదిగా తీసుకోవాలని నిబంధన పెట్టుకోండి. బిడ్డ మొదటి నుంచి చివరి దాకా మీ కుడికి తన కుడిగా చేస్తే, ఆ తేడాను ‘వైపు’ అనే గడిలో రాసి, మిగతా మార్కులను ఆ వైపు ప్రకారమే వేయండి. ఒక్కొక్క కదలికకు ఒక్కో పద్ధతి మార్చుతుంటే మాత్రం అది తప్పే.

చూసిన వెంటనే చేయించాలా, చూస్తూ ఉండగానే జతగా చేయించాలా అన్నది తర్వాతి నిర్ణయం. జతగా చేస్తే జ్ఞాపకం మీద భారం తగ్గుతుంది, కాలాన్ని కూడా కొలవవచ్చు. చూశాక చేస్తే ఫలితం వైపు మొగ్గు పెరుగుతుంది. ఒక్కో కదలికను ఎన్నిసార్లు చూపుతారో ముందే రాసుకోండి. రెండుసార్లు చూపి, రెండు అవకాశాలిచ్చి, మెరుగైనదానికి మార్కులు వేయడం చిన్నపిల్లల విషయంలో న్యాయంగా ఉంటుంది.

మాట్లాడే మాటలనూ రాసి పెట్టుకోవాలి. ‘నేను ఎలా చేస్తే నువ్వూ అచ్చం అలాగే చెయ్యి’ అన్నది చాలు. ‘చెవి పట్టుకో’ అనకూడదు, ఎందుకంటే ఆ మాట విన్నాక బిడ్డ మిమ్మల్ని చూడవలసిన అవసరమే లేదు. ‘భలే చేశావు’ అని సరిగా చేసినప్పుడు మాత్రమే అంటే, మూడో కదలికకే మీ ముఖం చూసి దిద్దుకోవడం మొదలవుతుంది. మెచ్చుకోలు ప్రయత్నానికి ఇవ్వండి, ప్రతిసారీ ఒకేలా ఇవ్వండి.

చూడలేదా, చేయలేకపోయారా, అసలు ముందే చేస్తున్నారా?

ఈ భాగాన్ని చాలామంది దాటేస్తారు. దాటేస్తే మిగతా శ్రమంతా వృథా.

ముందుగా, ఒరవడి చూపకముందు బిడ్డ దానంతట అది ఏం చేస్తున్నదో రెండు నిమిషాలు రికార్డు చేయండి. ఇది ఎందుకు ముఖ్యమో నవజాత శిశువుల చరిత్ర చెబుతుంది. పుట్టి 12 నుంచి 21 రోజులైన శిశువులు పెద్దలను చూసి నాలుక చాపుతారనీ, నోరు తెరుస్తారనీ మెల్ట్‌జాఫ్, మూర్ 1977లో ప్రకటించినప్పుడు అది పాఠ్యపుస్తకాలకు ఎక్కింది. 2016లో ఊస్టెన్‌బ్రూక్, సహచరులు 106 మంది శిశువులను 1, 3, 6, 9 వారాల వయసులో పదేపదే పరీక్షించి, నాలుక చాపినప్పుడే కాక ఇంకేదో చూపినప్పుడూ శిశువులు దాదాపు అంతే నాలుక చాపుతున్నారని, కాబట్టి దానిని అనుకరణ అనలేమని వాదించారు. ఆ చర్చ ముగియలేదు. కానీ పోల్చి చూసే స్థితి లేకుండా ‘చేశాడు’ అన్న మాటకు విలువ లేదని రెండు పక్షాలూ ఒప్పుకుంటాయి.

రెండోది చూపు. ఒరవడి నడుస్తున్నంత సేపు బిడ్డ కళ్లు మీ వైపు ఉన్నాయా అన్నది ప్రతి కదలికకూ విడిగా నమోదు చేయండి. ఒకసారి నేను మార్కులు వేసిన ఒక బాబుకు మొత్తం మీద తక్కువ వచ్చాయి. వీడియోను మళ్లీ తిరగేస్తే, అతడు సున్నా తెచ్చుకున్న కదలికల్లో ఎక్కువ భాగం తలుపు వైపు చూస్తున్న వేళ నడిచినవే. బయట ఎవరో బల్లలు జరుపుతున్నారు. చూసి చేసిన వాటిలో అతని మార్కులు మామూలుగానే ఉన్నాయి. అప్పటి నుంచి ‘చూడలేదు’ అన్న గడి సున్నాకు పక్కనే వేరుగా ఉంటుంది, ఆ కదలిక మొత్తంలోకి రాదు. చూడనివి మూడో వంతు దాటితే ఆ రోజు కొలతను వదిలేసి మరో రోజు పెట్టుకుంటాను.

మూడోది చేయగల శక్తి. పరీక్ష అయిపోయాక, సగం మార్కులు కూడా రాని కదలికలను ఈసారి మాటలతో చెప్పి, అవసరమైతే చెయ్యి పట్టుకొని చేయించండి. అప్పుడు సులువుగా చేస్తే కష్టం చూసి చేయడంలో ఉంది. అప్పుడూ కుదరకపోతే భుజం తిరగకపోవడమో, నిలకడ లేకపోవడమో కారణం కావచ్చు. పిల్లల మొత్తం చలన సామర్థ్యాన్ని కొలిచే ప్రామాణిక పరీక్షలు విడిగా ఉన్నాయి. వాటిని నిర్వహించే శిక్షణ ఉన్నవారు దగ్గర ఉంటే ఆ మార్కులను కూడా పక్కన పెట్టుకోవడం మంచిది.

రికార్డు చేయడం

తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి ముందు తీసుకోండి; వీడియో ఎక్కడ ఉంటుంది, ఎవరు చూస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు అన్నది అందులో ఉండాలి. బిడ్డకు ఇష్టం లేకపోతే అక్కడితో ఆపేయాలి, అనుమతి పత్రం ఉన్నా సరే.

రెండు కెమెరాలు స్టాండ్ల మీద కదలకుండా నిలపండి: ఒకటి బిడ్డకు సూటిగా ఎదురుగా, ఛాతీ ఎత్తులో, రెండోది పక్క నుంచి. చేతులు పూర్తిగా చాచినా, పైకెత్తినా ఫ్రేమ్ దాటిపోకూడదు. నిదానమైన కదలికలకు సెకనుకు 30 ఫ్రేములు సరిపోతాయి. చకచకా జరిగేవాటికి 60 పెట్టుకోండి. వదులైన పొడవు చేతుల చొక్కా మోచేతిని దాచేస్తుంది, వెనుక గోడ రంగు చొక్కా రంగుతో కలిసిపోతుంది. రెండూ తర్వాత ఇబ్బంది పెడతాయి. మొదట్లో రెండు కెమెరాలకూ కనిపించేలా ఒక్క చప్పట్లు కొట్టండి. రెండు వీడియోలనూ ఆ చప్పుడు దగ్గర జత చేసుకోవచ్చు.

మనుషులు మార్కులు వేసే పద్ధతి

‘బాగా చేసింది, కొంత చేసింది, చేయలేదు’ అని మొత్తంగా 2, 1, 0 వేయడం సులువు. అలా వేస్తే మొదట చెప్పిన పాపకు ఒకరు 2, ఇంకొకరు 0 వేస్తారు, ఇద్దరి దగ్గరా కారణం ఉంటుంది. కదలికను ముక్కలు చేయండి: సరైన అవయవం కదిలిందా, సరైన వైపుదా, సరైన చోటికి చేరిందా, సరైన దారిన వచ్చిందా, ఆఖరి భంగిమ కుదిరిందా, చూపినన్నిసార్లే చేసిందా. ఒక్కో గడికి 1 లేదా 0. ఆ పాపకు అవయవం 1 (చెయ్యే కదిలింది), వైపు 0 (ఎడమ చెయ్యి కావాలి), చోటు 1, దారి 0, భంగిమ 0, లెక్క 1. ఆరింటికి మూడు. ఈ మూడు అనే అంకె కన్నా, ఆ మూడు ఎక్కడ వచ్చాయన్నదే ఎక్కువ చెబుతుంది: ఫలితం అందింది, తీరు జారిపోయింది. ఎడమ చెయ్యి కొద్దిగా లేచి ఆగిందన్న విషయాన్ని పక్కన మాటల్లో రాయండి. అది గడుల్లో ఇమడదు గాని, పాప తీరును కూడా చూసిందనడానికి ఆనవాలు అదే.

‘ఆఖరి భంగిమ కుదిరిందా’ అన్న దానికి హద్దులు కావాలి. మోచేయి ఒరవడికి సుమారు 20 డిగ్రీల లోపు ఉంటే 1 అని పెట్టుకోండి; ఆ అంకె ఎంతైనా కావచ్చు, కానీ వీడియోలు తెరవకముందే నిర్ణయం కావాలి. సరిహద్దు మీద పడే మూడు నాలుగు ఉదాహరణల ఫోటోలను నియమావళికి జత చేస్తే పేజీల కొద్దీ వివరణ తప్పుతుంది.

మార్కులు వేసేవారికి బిడ్డ గురించి, వయసు గురించి, ఏ జట్టుకు చెందినదో ఏమీ చెప్పకండి. వీడియోల్లో కనీసం నాలుగో వంతుకు ఇద్దరు ఒకరికొకరు చూపించుకోకుండా మార్కులు వేయాలి. తర్వాత వారి ఏకీభావాన్ని లెక్కించండి, శాతంతో సరిపెట్టుకోకండి. 100 కదలికల్లో ఇద్దరూ ‘చేసింది’ అన్నవి 70, ఇద్దరూ ‘చేయలేదు’ అన్నవి 10, విభేదించినవి చెరి 10 చొప్పున 20 అనుకుందాం. ఏకీభావం 80 శాతం; వినడానికి బాగుంది. కానీ ఇద్దరూ 100కు 80 సార్లు ‘చేసింది’ అనే అలవాటు ఉన్నవారు కనుక, కళ్లు మూసుకొని వేసినా 0.8 × 0.8 + 0.2 × 0.2 = 0.68 మేరకు కలుస్తారు. కోహెన్ 1960లో ప్రతిపాదించిన ‘కప్పా’ అనే ఏకీభావ కొలత ఈ యాదృచ్ఛికాన్ని తీసేస్తుంది: (0.80 − 0.68) ÷ (1 − 0.68) = 0.375. లాండిస్, కోచ్ 1977లో ఇచ్చిన, ఇప్పటికీ విరివిగా వాడే వర్గీకరణలో 0.61 నుంచి 0.80 వరకు గణనీయమైన ఏకీభావం, 0.375 దానికి చాలా దిగువన ఉంది. ఇలా వస్తే మనుషులను మార్చకండి, నియమావళిలో ఏ గడి దగ్గర విడిపోతున్నారో చూసి దానిని తిరగరాయండి. సాధారణంగా అది ‘దారి’ గడే అవుతుంది.

కంప్యూటర్‌తో కొలిచే పద్ధతి

మనిషి కన్ను 0, 1 మధ్య తేడా చూస్తుంది. 15 డిగ్రీలకూ 25 డిగ్రీలకూ తేడాను పదేపదే ఒకేలా చూడలేదు. వీడియోలోని మనిషి కీళ్లను గుర్తించే ప్రోగ్రాములు ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి. ఓపెన్‌పోజ్ శరీరం మీద 25 బిందువులను, మీడియాపైప్ 33 బిందువులను ప్రతి ఫ్రేములోనూ ఇస్తాయి. ఒరవడి వీడియోనూ బిడ్డ వీడియోనూ ఒకే ప్రోగ్రాముతో నడపండి.

బిందువులు వచ్చిన వెంటనే లెక్కల్లోకి దిగకండి. వాటిని వీడియో మీద గీసి, కనీసం ప్రతి కదలికకు ఒకసారి కంటితో చూడండి. చేతులు అడ్డంగా దాటినప్పుడు ప్రోగ్రాము కుడి మణికట్టును ఎడమదిగా మార్చేయడం తరచూ జరుగుతుంది. అంటే మీకు అతి ముఖ్యమైన కదలికల్లోనే అది తడబడుతుంది. మరీ పసిపిల్లల శరీర నిష్పత్తులు వేరు కనుక తప్పులు ఇంకా పెరుగుతాయి. అలా చెడిన ఫ్రేములు కొన్నే అయితే ముందూ వెనుకల నుంచి పూరించవచ్చు. ఎక్కువైతే ఆ కదలికను మనిషి మార్కులకే వదిలేయాలి. తర్వాత బిందువుల వణుకును తగ్గించండి. మనిషి కదలికల విశ్లేషణలో 6 హెర్ట్జ్‌కు (సెకనుకు ఆరుసార్లకు) పైనున్న వణుకును వడగట్టే బటర్‌వర్త్ ఫిల్టర్ సాధారణంగా వాడతారు.

ఇప్పుడు పరిమాణం సమస్య. పెద్దవారి చెయ్యి పొడవు, పిల్లల చెయ్యి పొట్టి. ప్రతి ఫ్రేములో తుంటి మధ్య బిందువును సున్నాగా తీసుకొని, అన్ని దూరాలనూ భుజాల మధ్య నుంచి తుంటి మధ్య వరకు ఉన్న పొడవుతో భాగించండి. మణికట్టు భుజానికి పైన ఎంత ఎత్తులో ఉందన్నది అప్పుడు సెంటీమీటర్లలో కాక మొండెం పొడవుల్లో వస్తుంది. అయినా కొంత తేడా మిగులుతుంది, ఎందుకంటే పిల్లలు పెద్దల చిన్న నమూనాలు కారు. వారి తల పెద్దది, కాళ్లూ చేతులూ మొండెంతో పోలిస్తే వేరే నిష్పత్తిలో ఉంటాయి. అందువల్ల వీలైనచోట దూరాలకు బదులు కోణాలను వాడమంటాను. మోచేతి నుంచి భుజానికి ఒక సదిశ, మోచేతి నుంచి మణికట్టుకు మరో సదిశ తీసుకొని, వాటి బిందు లబ్ధాన్ని పొడవుల లబ్ధంతో భాగిస్తే ఆ కోణం కొసైన్ వస్తుంది. చేతి పొడవు ఎంతైనా 90 డిగ్రీలు 90 డిగ్రీలే. ఒక్క కెమెరాతో తీసిన వీడియోలో మాత్రం చెయ్యి కెమెరా వైపు చాచినప్పుడు కోణం తప్పుగా వస్తుంది; పక్క కెమెరా పెట్టమన్నది అందుకే. లోతు కొలిచే కెమెరా ఉంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

పోలిక దగ్గర కాలం అడ్డుపడుతుంది. ఒరవడిలో చెయ్యి రెండు సెకన్లలో 90 డిగ్రీలు లేచింది. బిడ్డ 0.6 సెకను ఆలస్యంగా మొదలుపెట్టి మూడు సెకన్లలో అదే 90 డిగ్రీలు ఎత్తింది. ఒకటో సెకను దగ్గర ఆపి చూస్తే ఒరవడి 45 డిగ్రీల వద్ద, బిడ్డ 12 డిగ్రీల వద్ద ఉంటాయి. తప్పు 33 డిగ్రీలు. నిజానికి కదలికలో తప్పేమీ లేదు. మాటలను గుర్తించే యంత్రాల కోసం సకోయె, చిబ 1978లో మెరుగుపరచిన ‘డైనమిక్ టైమ్ వార్పింగ్’ అనే పద్ధతి ఇక్కడ ఆదుకుంటుంది. అది ఒక వరుసను అక్కడక్కడ సాగదీసి, అక్కడక్కడ కుదించి రెండో వరుసతో అత్యంత తక్కువ తేడా వచ్చేలా జత చేస్తుంది. 2021లో కెన్నెడీ క్రీగర్ ఇన్‌స్టిట్యూట్, జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ప్రచురించిన కంప్యూటర్ అనుకరణ కొలమానం కినెక్ట్ అనే లోతు కొలిచే కెమెరాతో తీసిన పిల్లల కదలికలను ఈ పద్ధతి ఆధారంగానే ఒరవడితో పోల్చింది.

అయితే ఈ సాగదీత ఉదారమైనది. ఎంతైనా సాగనిస్తే ఎలాంటి కదలికనైనా ఎలాగో జత కలుపుతుంది. అందుకని సాగే హద్దును ఒకటి రెండు సెకన్లకు పరిమితం చేయండి. ఎంత సాగదీయవలసి వచ్చిందన్నది కూడా పారేయవలసిన వస్తువు కాదు. అదే మీ కాలపు కొలత. తీరుకు ఒక అంకె, కాలానికి మరో అంకె, రెండూ వేరు వేరు గడుల్లో.

వచ్చిన తేడా 18 డిగ్రీలు అనుకోండి. అది ఎక్కువా, తక్కువా? దీనికి నేను నమ్మే పరీక్ష ఒకటుంది. బిడ్డ చేసిన నాలుగో కదలికను నాలుగో ఒరవడితో మాత్రమే కాక మిగతా ఒరవడులన్నింటితోనూ పోల్చండి. నాలుగో దానితో తేడా 18, మిగతావాటితో 40, 55 అయితే బిడ్డ నిజంగా ఆ కదలికనే చేసింది. అన్నింటితోనూ 18, 20, 17 వస్తుంటే బిడ్డ చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నా ఆ అంకే వచ్చేదేమో చూసుకోండి. చివరగా, కంప్యూటర్ అంకెలను మనుషుల మార్కుల పక్కన పెట్టి, రెండూ బాగా విడిపోయిన వీడియోలను తెరవండి. వాటిలో తప్పు ఎవరిదో చూస్తే పద్ధతిలోని లోపాలు బయటపడతాయి.

ఫలితాన్ని రాయడం

ఒక్కో బిడ్డకు ఒక్క వరుస రాయండి: ఎన్ని కదలికలు చూపారు, ఎన్ని చూసింది, చూసినవాటిలో ఫలితం మార్కులు, తీరు మార్కులు, కాలం, మాటలతో చెప్పినప్పుడు ఎన్ని కుదిరాయి. మొదటి పాప వరుస ఇలా ఉండవచ్చు: 14 చూపితే 13 చూసింది, ఫలితం 13కు 12, తీరు 13కు 6, ఆలస్యం మామూలే, మాటలతో చెప్పి చేయిస్తే ఏడింటికి ఏడూ చేసింది. తీరు తక్కువైనా దానికి కండరాలు కారణం కావని ఈ వరుసే చెబుతుంది. ఒకే రోజు, ఒకే జాబితాతో వచ్చిన అంకెను పట్టుకొని ఏ బిడ్డకైనా లోపం ఉందని పేరు పెట్టకండి. రోగ నిర్ధారణ వేరే నిపుణుల పని, అనుకరణ మార్కు అందులో ఒక చిన్న ఆధారం మాత్రమే.

అదే బిడ్డను వారం తర్వాత మళ్లీ కొలిచి, రెండు అంకెలు ఎంత దగ్గరగా ఉన్నాయో చూశాకే కాలక్రమంలో వచ్చే మార్పు గురించి మాట్లాడవచ్చు. అదే జాబితాను వాడితే బిడ్డకు కదలికలు గుర్తుండిపోతాయి, కాబట్టి సమానమైన కష్టం ఉన్న రెండో జాబితాను మొదట్లోనే తయారు చేసుకోండి. సగం మందికి మొదటి వారం ఒకటి, మిగతా సగానికి మరొకటి ఇవ్వండి. మూల వీడియోలను అనుమతి ఉన్నంత కాలం భద్రపరచండి. నియమావళిలో ఒక గడి మారినప్పుడల్లా పిల్లలను మళ్లీ పిలవకుండా పాత వీడియోలకే కొత్తగా మార్కులు వేసుకోవచ్చు.